అన్ని గదుల్లో ఒకే గొంతు

పటమటలోని మా ఇంట్లో ఒకే పాట అన్ని గదుల్లో ఒకేసారి వినిపిస్తుంది. ఇలా వినిపించాలని ఇంట్లో ఎవరూ కోరలేదు. హాల్లో ఒక స్పీకరు, పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఫ్రిజ్ మీద ఒకటి. అన్నీ వైఫై మీద నడిచేవే, అన్నీ వేర్వేరు కంపెనీలవి, ఒకదాని ఉనికి ఇంకొకటి గుర్తించనివి. వాటిని టీవీ వెనక పెట్టిన అరచేతంత కంప్యూటరుకు అప్పగించి, లైట్లూ ఫ్యాన్లూ గీజరూ నడిపే సాఫ్ట్‌వేరే పాటలు కూడా నడిపేలా చేశాను. దీనికి నా ఆదివారాలు చాలా పోయాయి. అంతా అయ్యాక మా ఆవిడ ఇల్లంతా ఒకసారి తిరిగి విని, "బాగుంది. ఈ గదిలో పాట నచ్చకపోతే ఆ గదిలోకి పోయే దారి కూడా లేకుండా చేశారు," అంది. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. మా ఇంట్లో అంతకన్నా పెద్దవి దొరకవు.

ఈ పనితనం ఎవరికీ పనికిరానిదిగానే ఉండిపోతే బాగుండేది. మా బావకు పనికొచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. ఉయ్యూరులో ఉంటారు, చెరకు రైతు. ఆయనకు ఫోను దండగ అని మా వాళ్లలో ఒక మాట ఉండేది. గట్టు మీద నిలబడి ఒక కేక వేస్తే తోటలో ఆ చివరనున్న కూలీలు కత్తులు ఆపేవాళ్లు. కాలవ అవతల పక్క తోటలో కూలీలు కూడా ఆపేవాళ్లు, దాని మీద ఆ రైతుతో ఏటా ఒక తగువు. మెల్లగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. పెళ్లిచూపుల్లో "పిల్ల బాగానే ఉంది" అని వాళ్ల నాన్న చెవిలో చెబితే, వంటింట్లో కాఫీ కలుపుతున్న మా అక్క విని, ఇంకో చెంచా పంచదార వేసిందట. ఆ కాఫీ తాగలేకపోయామని వాళ్లు తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు.

చెరకు నరికించే రోజుల్లో ఆ గొంతు ఏటా బొంగురుపోయేది. అక్క మిరియాల కషాయం పెట్టేది, సీజను అయ్యేసరికి గొంతు తిరిగొచ్చేది. ఒక ఏడు సీజను అయిపోయింది, గొంతు రాలేదు. కషాయాలు మార్చారు. మామిడికాయలొచ్చాయి, వెళ్లాయి. చివరికి బెజవాడలో ఒక డాక్టరు లోపలికి కెమెరా పంపి చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. మరి మాట సంగతేమిటని అడిగాను.

"మాట ఉండదండీ. మనిషి ఉంటారు," అన్నాడు.

ఆపరేషనుకు ముందు పరీక్షల కోసం అక్కా బావా మా ఇంట్లోనే దిగారు. మొదటిరోజు సాయంత్రం బావ హాల్లో నుంచి వంటింట్లోకి, వంటింట్లో నుంచి పడగ్గదిలోకి నడిచి, మళ్లీ వచ్చి సోఫాలో కూర్చున్నారు.

"ఏరా ఇంజనీరూ, ఎక్కడికి పోయినా అదే పాట వెంటబడతంది. ఎవరికోసం ఇదంతా?" అన్నారు. అప్పటికే గొంతులో ఇసుక పోసినట్టుండేది.

"ఎవరికోసమూ కాదు బావా."

"ఇందులో పాటలేనా, మాటలు కూడా వస్తయ్యా?"

"ఏది పెడితే అది వస్తుంది."

"అయితే నా మాట పెట్టు. మళ్లీ దొరకదు."

వేళాకోళానికే అన్నారు. ఎదురుగా బత్తాయి ఒలుస్తున్న అక్క చేతులు ఆగాయి. కొద్దిసేపటికి మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది గానీ, తొనలు ఎవరికీ పెట్టకుండా పళ్లెంలో ఒక్కొక్కటే పేర్చుకుంటూ కూర్చుంది.

మర్నాడు పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య ఫోను పెట్టాను. బట్టల మధ్య అయితే గది ప్రతిధ్వని పడదు. బావను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాను.

"చీరలకి చెప్పాలా?"

"చీరలకే చెప్పండి బావా."

"మీ ఆవిడవేగా. వింటయ్యా?"

నీళ్లు అన్నారు. కాఫీ అన్నారు. ఫ్యాను తగ్గించు, ఎవరూ, రండి రండి, అన్నీ అన్నారు. మధ్యలో నేను అడగకుండానే గొంతు సవరించుకుని, "మా బావమరిది పెట్టిన మిషను పనిచేయటంలా," అని చెప్పి, అది కూడా ఉంచమన్నారు.

"పనిచేయకపోతే ఈ మాట కూడా రాదు బావా."

"అది నీ తలనొప్పి."

అసలైనది మిగిలింది. అక్క పేరు. ఇంట్లో ఎక్కడున్నా పిలవాలంటే ముందు పేరు కావాలి గదా అని నా లెక్క. చెప్పమన్నాను. ఆయన నోరు తెరిచారు. మూశారు. తలుపు వైపు చూశారు. వంటింట్లో తాలింపు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"పేరు పెట్టి ఎప్పుడన్నా పిలిచానట్రా?"

"పిలవలేదు కాబట్టే ఇప్పుడు చెప్పమంటున్నా."

"ఇప్పుడు పిలిస్తే ఏదో అయిపోయిందనుకుంటది," అన్నారు. తర్వాత, ఇంక నేను అడక్కుండా, బీరువా వైపు వంగి తోటలో వేసే కేక వేశారు: "ఇదిగో, నిన్నే!"

ఆ బొంగురు గొంతులో అంత బలం ఎక్కడ దాగిందో తెలియదు. వంటింట్లో గరిటె పడేసిన చప్పుడు, ఆ వెంటనే కొంగుకు చేతులు తుడుచుకుంటూ అక్క గుమ్మంలో.

"ఏంటండీ?"

"నిన్ను కాదు, బీరువాని."

అక్క మమ్మల్నిద్దరినీ, తెరిచిన బీరువానూ చూసింది. ఏం జరుగుతోందో అర్థమై, మొహం అటు తిప్పుకుని, "భోజనానికి రమ్మంటే చెప్పే అబద్ధం ఒకటుంటదిగా, అది కూడా పెట్టించు తమ్ముడూ," అని వెళ్లిపోయింది.

ఆ అబద్ధం నాకూ తెలుసు. ఉయ్యూరులో అక్క వంటింట్లో నుంచి "ఏమండీ, వడ్డించా" అంటే, బావ వరండాలో కుర్చీలో నుంచి కదలకుండా "ఆఁ, వస్తున్నా" అంటారు. కూర చల్లారాక వస్తారు. ఆ మాట రికార్డు చేయడానికి ఒక్కసారి సరిపోయింది. అన్నిటికన్నా అదే బాగా వచ్చింది. రోజూ సాధన చేసిన మాట మరి.

ఆపరేషను అయింది. మెడ మీద ఊపిరికి ఒక రంధ్రం పెట్టారు, దాని మీద పల్చటి గుడ్డ. లోపల కఫం పేరుకుంటే ఎప్పటికప్పుడు తీయాలి, ఆలస్యమైతే ఊపిరి ఆడదని నర్సు అక్కకు నేర్పించింది. మెడకు ఆనించి మాట్లాడే పరికరం కూడా ఒకటి ఇచ్చారు. బావ దాన్ని ఒకసారి ఆనించుకుని ఏదో అన్నారు. బోరు మోటారుకు మాటలొచ్చినట్టుంది. దాన్ని డ్రాయర్లో పెట్టేశారు, ఎవరూ తీయమని అడగలేదు.

నేను స్పీకర్ల పెట్టెతో ఉయ్యూరు వెళ్లాను. వాళ్లది పొడవాటి ఇల్లు. ముందు వరండా, తర్వాత హాలు, పడగ్గది, వంటిల్లు, వెనక పెరడు, మేడ మీద రెండు గదులు. అక్క రోజంతా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటుంది. బావ పిలుపు ఆమె ఎక్కడున్నా వినపడాలి. కాబట్టి ప్రతి గదిలో ఒక స్పీకరు, అన్నీ ఒక గుంపు. బావ మెడలో తాడుకు చిన్న బటను. ఒకసారి నొక్కితే "ఇదిగో, నిన్నే". రెండుసార్లు నొక్కితే "ఆఁ, వస్తున్నా". మిగతా మాటలు ఆయన ఫోన్లో.

చెప్పినంత తేలిగ్గా అవలేదు. మొదట ప్రతి స్పీకరూ తన తీరికను బట్టి పలికేది. హాల్లో "ఇదిగో" అన్నాక వంటిల్లు "ఇదిగో" అనేది, మేడ మీది గది అందరూ అయ్యాక తాపీగా "నిన్నే" అనేది. రెండు కొండల మధ్య నిలబడి పెళ్లాన్ని పిలిచినట్టుండేది. కరెంటు పోయి వస్తే స్పీకర్లు తామెవరో మర్చిపోయేవి, సాఫ్ట్‌వేరు వాటిని పోల్చుకోలేకపోయేది. ఒక్కోదానికీ మారని చిరునామా ఇచ్చాను. గొంతును కాస్త ముందుగా అన్నిటికీ పంపి, అందరికీ చేరాక ఒకే క్షణంలో పలికేలా చేశాను. చివరికి ఒక సాయంత్రం బటను నొక్కితే, మెట్ల దగ్గర నిలబడిన నాకు ఇంట్లో ఎన్ని స్పీకర్లున్నాయో చెవితో చెప్పడం సాధ్యం కాలేదు. అన్నీ కలిసి ఒకటే గొంతు. నాకు నేనే నచ్చాను. ఇలాంటి సందర్భాలు జీవితంలో తక్కువ, అవి కూడా ఎక్కువసేపు ఉండవు.

కొన్నాళ్లకు అక్క ఫోను చేసింది.

"తమ్ముడూ, తీరిక చూసుకుని ఒకసారి రా. ఫోన్లో చెబితే నీకర్థం కాదు."

వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను హాల్లో ఫోను చూసుకుంటున్నాను. అక్క వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. బావ వరండాలో ఉన్నారనుకున్నాను. "ఇదిగో, నిన్నే!" అని ఇల్లు మొత్తం పలికింది.

అక్క హాల్లోకి వచ్చింది. మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ చూసింది. పడగ్గదిలోకి తొంగి చూసింది, లేరు. వరండాలోకి వెళ్లింది, కుర్చీ ఖాళీ. మేడ మీదికి బయలుదేరింది. ఆమెకు మోకాళ్లు బాగుండవు. మెట్ల రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పని మనిషి కూడా వంటింట్లో గిన్నెలు వదిలి వచ్చి, "నన్నాండీ పిలిచింది?" అని నన్నడిగింది. "ఇదిగో, నిన్నే!" అని మళ్లీ వచ్చింది. మళ్లీ. మళ్లీ. ఆ కేకలో మార్పు లేదు. ఎప్పుడు నొక్కినా అదే తోట, అదే గట్టు, అదే ఎండ. లోపలున్న మనిషి అవస్థ అందులోకి రాదు. అక్క మేడ మీద నుంచి, "వస్తన్నానండీ, ఎక్కడున్నారూ?" అంటోంది. దానికి జవాబు చెప్పే మాట మేము రికార్డు చేయలేదు.

మిగిలింది పెరడే అని నేను అటు పరిగెత్తాను. బావ బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నారు. ఒక చెయ్యి మెడ దగ్గర, ఒక చెయ్యి బటను మీద. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రంధ్రంలో కఫం అడ్డుపడింది. ఏం చేయాలో నాకు తెలియదు. నేను అక్కను కేకేశాను. నా కేక పెరట్లో నుంచి వెళ్లింది కాబట్టి ఆమె నేరుగా పెరట్లోకే వచ్చింది. వస్తూ పట్టుకొచ్చిన గొట్టంతో కఫం లాగేసింది, గుడ్డ మార్చింది, వీపు నిమిరింది. కాసేపటికి ఆయన ఊపిరి కుదుటపడింది.

తర్వాత బావ జేబులోంచి ఫోను తీశారు. నా వైపు చూడకుండా ఒక చోట నొక్కారు.

"మా బావమరిది పెట్టిన మిషను పనిచేయటంలా," అని ఇల్లంతా చెప్పింది. అన్ని గదుల్లో, ఒకే క్షణంలో, వెంట్రుకంత తేడా లేకుండా.

అక్క నవ్వలేదు. బండ పక్కనే నేల మీద కూర్చుని మోకాలు రాసుకుంటూ అంది: "ఇదివరకు పిలిస్తే ఆయన ఎక్కడున్నారో గొంతే చెప్పేది. పెరట్లో నుంచైతే పెరట్లో నుంచొచ్చేది, మేడ మీద నుంచైతే మేడ మీద నుంచి. ఎంత కోపంగా ఉన్నారో కూడా తెలిసేది, ఆ లెక్కన నడిచేదాన్ని. ఇప్పుడు మనిషి పిలవటంలా, ఇల్లు పిలుస్తంది. ఇంటికి ఎటుపోయి పలకమంటావురా?"

నేను అంతకాలం కష్టపడి తీసేసింది సరిగ్గా అదే. ఏ గది ముందు పలికిందో తెలియకుండా చేయడమే నా విజయం. వాళ్ల కాపురమంతా ఆ తేడా మీద నడిచిందని నాకు తట్టలేదు. పేరే పిలవని ఇంట్లో, ఎక్కడికి రావాలో చెప్పేది గొంతు వచ్చిన దిక్కే.

ఆ సాయంత్రమే గుంపు విడగొట్టాను. ఆయన ఉన్న గది స్పీకరు మాత్రమే పలకాలి. మనిషి కదలికను పట్టే సెన్సర్లు పెట్టి చూశాను. ఫ్యాను గాలికి కర్టెను ఊగినా బావ అనుకునేవి. అది మానేసి, ప్రతి గదిలో చేతికందే ఎత్తున గోడకు ఒక్కో బటను అంటించాను. ఏ గది బటను నొక్కితే ఆ గది స్పీకరే, గట్టిగా. పెరట్లో చూరు కింద కూడా ఒక బటను, ఒక స్పీకరు. ఇంత చిన్న పనిని ముందే ఎందుకు చేయలేదంటే, అందులో గొప్ప ఏమీ లేదు కాబట్టి. మెడలో బటను తీసి ఫ్రిజ్ మీద పడేశాను.

మర్నాడు నేను చూస్తుండగానే పెరట్లో నుంచి "ఇదిగో, నిన్నే" వచ్చింది. అక్క చేతిలో పని దించి, తల కూడా ఎత్తకుండా పెరటి గుమ్మం వైపు నడిచింది. ఈసారి ఆయనకు ఏమీ కాలేదు. జామచెట్టుకు పిందెలు పడ్డాయని చూపించడానికి పిలిచారు.

ఆ సీజనంతా బాగానే గడిచింది. బాగా అంటే, గొంతున్న రోజుల్లోలా. నేను వెళ్లినప్పుడల్లా అక్క "ఏమండీ, వడ్డించా" అనేది. వరండా గోడ మీది బటను టిక్కుమనేది. "ఆఁ, వస్తున్నా" అని స్పీకరు చెప్పేది. బావ వచ్చేవారు కాదు. "మిషను పెట్టినా బుద్ధి మారలా," అని అక్క గిన్నెల మీద మూతలు పెట్టేది. ఆమె విసుక్కోవడం విని నేను ఊరట పడ్డానంటే, అంతకు ముందు ఇల్లెలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

రోగం మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరు మనిషి ఉంటారని కూడా అనలేదు. ముందు మేడ మీది బటన్లు మూగబోయాయి. తర్వాత పెరటిది. తర్వాత వరండాది. బావ పడగ్గదికి వచ్చేశాక ఇన్ని స్పీకర్లలో ఒకటే మిగిలింది. గోడకున్న బటను తీసి ఆయన అరచేతి కింద పెట్టాను. దాన్ని ఆయన నొక్కడం నేను చూడలేదు. పిలవాల్సినంత దూరంలో అక్క ఎప్పుడూ లేదు.

చక్కెర ఫ్యాక్టరీలో కొత్త సీజను మొదలై, ఊళ్లోకి చెరకు బండ్లు వస్తున్న రోజుల్లో ఒక ఉదయం ఆయన పోయారు.

పెద్దకర్మ అయ్యాక, చుట్టాలు వెళ్లాక, స్పీకర్లు విప్పుదామని వెళ్లాను. గన్నవరంలో ఉండే వాళ్లమ్మాయి తనతో రమ్మంటే అక్క తర్వాత చూద్దామందట. నేను స్టూలు వేసుకుని హాల్లో స్పీకరు అందుకోబోతుంటే, "ఆగు," అంది.

"నిన్న పని మనిషి పడగ్గది తుడుస్తా ఆ బటను నొక్కింది. నేను మేడ మీద బట్టలు తీస్తన్నా. మెట్లు దిగి గది దాకా వచ్చాను."

"తెలియక వచ్చుంటావు..."

"తెలిసే వచ్చానురా. నాకు తెలుసు. మోకాళ్లకి ఎవరు చెబుతారు?"

నేను స్టూలు దిగాను.

"ఆ పిలుపు తీసెయ్. అది ఉంటే నేను లేస్తానే ఉంటా."

తీసేశాను. నా ఫోన్లో అసలుది ఉంది. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నీళ్లు, కాఫీ, ఫ్యాను ఒక్కొక్కటే అడిగాను. తీసెయ్, తీసెయ్, అంది.

"మిషను పనిచేయడం లేదన్నది?"

"అది నీది. నువ్వు తీసుకుపో."

"వస్తున్నా అన్నది?"

అక్క కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది.

"అది ఉండనీ."

"అక్కా, అది మరీ..."

"ఏం? బతికుండగా మాత్రం అనంగానే ఎప్పుడొచ్చారు?"

ఎక్కడ పెట్టమంటావని అడిగాను. అన్ని గదుల్లోనా?

"వరండాలో. ఇంకెక్కడుంటారు ఈ వేళప్పుడు."

వరండా స్పీకరు ఒక్కటి ఉంచి మిగతావన్నీ విప్పేశాను. ఫ్రిజ్ మీద దుమ్ము పట్టిన మెడ బటను తుడిచి, వంటింట్లో పొయ్యి గట్టు పక్కన అంటించి, ఆ ఒక్క మాటకు కలిపాను. ఇప్పటిదాకా నేను చేసిన వాటిలో ఇంత చిన్న సిస్టమ్ లేదు. ఒక బటను, ఒక స్పీకరు, ఒక మాట.

అక్క నాకు పీట వేసింది. అన్నం పెట్టి, వంకాయ కూర వేసి, తడి వేలితో బటను నొక్కింది.

"ఆఁ, వస్తున్నా," అని వరండాలో నుంచి వినిపించింది.

ఆమె గరిటె పట్టుకుని కాసేపు గుమ్మం వైపు చూసింది. నేనూ ముద్ద కలపకుండా ఆగాను.

"నువ్వు తినరా," అంది చివరికి. "కూర చల్లారిపోద్ది."